దుర్భిణిలో నిలువుగా

శుక్రవారం వస్తే టెంఘర్‌కు చెవులు వస్తాయి. మిగతా రోజుల్లో సాంచల మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. బొంబాయి పక్కనున్న ఈ భివండిలో మన తెలుగోళ్లు మరమగ్గాన్ని సాంచ అంటారు. వారానికి ఒకనాడు కార్ఖానాలకు కరెంటు బంద్ పెడతారు కనుక ఆ ఒక్కరోజే కాకుల అరుపు, కుక్కర్ విజిలు, పక్కింటి మొగుడూ పెళ్లాల కొట్లాట అన్నీ శుభ్రంగా వినబడతాయి.

హనుమాండ్లుకు శుక్రవారమంటే పండుగే. చిన్న కార్ఖానా యజమాని అయినా ఆయన మనసంతా దుర్భిణి మీదే. బొంబాయి చోర్‌బజార్‌లో పాత సామాన్ల కుప్పలో దొరికితే, పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చుకున్నాడు. అద్దాలు మంచివే. స్టాండే దరిద్రపుది. వేలు ఆనితే చాలు, చందమామ గజగజ వణికేది. కొంచెం తిప్పబోతే ఒక్క ఉదుటున దాటిపోయేది.

అది చాలదన్నట్టు అందులో అంతా తలకిందులు. ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకు కాళ్లు ఆకాశంలోకి పెట్టి వేలాడేది. "చుక్కలకు మీద ఏంది, కింద ఏంది?" అని హనుమాండ్లు దబాయించేవాడు.

ఒకసారి శనిగ్రహం చుట్టూ ఉన్న కడియం చూపిస్తానని కులపెద్ద నర్సింగంను, నలుగురు పెద్దమనుషులను మేడ మీదికి పిలిచాడు. నర్సింగం కన్ను పెట్టి చూశాడు. "గీ చుక్కకు చలిజరం వచ్చినట్టుందిరా హనుమాండ్లూ. ముందుగాల దీనికి గోలి వెయ్యి!" అన్నాడు. అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. ఆనాటి నుంచి బజార్లో ఆయన పేరు చలిజరం హనుమాండ్లు.

ఆ రోషంలోనే చేయరాని పని చేశాడు.

ఆయన అన్న కనుకయ్య ఆ వానాకాలమే పోయాడు. తమ్ముణ్ణి సిరిసిల్ల నుంచి చెయ్యి పట్టుకుని తెచ్చి, పని నేర్పి, తాను పస్తుండి తమ్ముడికి పెట్టిన మనిషి. పిల్లాజెల్లా లేరు. మూడోనాడు ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన బీడీకట్ట. చుట్టూ బోలెడు కాకులు, ఒక్కటీ దగ్గరికి రాలేదు. పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అదేదో కనిపెట్టి ఎవరైనా మాట ఇస్తే తప్ప పిట్ట ముట్టదు. తలా ఒక మాట ఇచ్చారు. కాకి కదల్లేదు. చివరికి హనుమాండ్లు చేతులు జోడించి, "అన్నా, నీ సాంచ వదినెదే. దాన్ని ఆగనియ్య. దాని మీద నా చెయ్యి పడనియ్య" అన్నాడు. మాట ముగియకముందే కాకి వచ్చి విస్తరిలో వాలింది.

తమ్ముడి కార్ఖానాలోనే ఉన్న ఆ సాంచ మీదే వదినె సత్తెమ్మ బతుకుతోంది.

అయితే ఆ సాంచకు ఉన్న చక్రంలాంటిది టెంఘర్ మొత్తంలో లేదు. నేసిన బట్టను వెంట్రుకవాసి చొప్పున చుట్టుకుంటూ పోయే పళ్ల చక్రం అది. కనుకయ్య ఏళ్ల తరబడి నూనె పెట్టి పెట్టి దాన్ని ఎంత నున్నగా చేశాడంటే, వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగేది, వదిలిన చోట ఆగేది. కొత్తవి గరగరలాడతాయి. తన సాంచల చక్రాలు పళ్లు అరిగి ఊగుతున్నాయి. దుర్భిణి కింద అన్న చక్రం బిగిస్తేనా... ఆ ఆలోచన వచ్చాక హనుమాండ్లుకు అన్నం సయించలేదు. వదినె నిజాంపురా బజారుకు పోయిన పూట చూసి చక్రం ఇప్పేశాడు.

"చక్రం ఇరిగింది వదినే. సూరత్ నుంచి కొత్తది రావాలె."

"నువ్వున్నవు గద మరిదీ. నాకేం ఫికర్" అంది సత్తెమ్మ.

మర్నాటి నుంచి ఆమె వేరేవాళ్ల కార్ఖానాలో కండెలు చుట్టే కూలికి పోతోంది. ఆమె ఎదురుపడుతుందేమోనని హనుమాండ్లు వెనక గల్లీలోంచి తిరిగి పోయేవాడు. సిగ్గు తినేస్తూనే ఉంది. చక్రం మాత్రం దుర్భిణి కిందే ఉంది.

ఆ శుక్రవారం దీపాలు పెట్టే వేళ ఒక్కడే మేడ ఎక్కాడు. సగం చందమామ. కన్ను పెట్టి మెల్లగా పిడి తిప్పాడు. అబ్బ! నేతిలో వేలు తిప్పినంత సుతారంగా కదిలింది. ఒక్క వణుకు లేదు. చందమామ మీది గుంటలు, వాటి అంచుల నీడలు... హనుమాండ్లు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రా నర్సింగం పెద్దయ్యా, ఇప్పుడు చెప్పు ఎవనికి చలిజరమో" అని గొణుక్కున్నాడు.

అప్పుడు వాసన వచ్చింది.

మిషన్ నూనె. దానితో కలిసిన బీడీ పొగ. కనుకయ్య భుజం మీది తువ్వాల వాసన.

చందమామ పక్కకు జరిగింది. పిడి మీద తన చెయ్యి లేదు. గొట్టం తనంతట తానే తిరుగుతోంది... చప్పుడు లేకుండా... నింపాదిగా కిందికి వంగింది. వంగి, ఆగింది.

చూడకూడదనుకుంటూనే కన్ను పెట్టాడు.

రెండు గల్లీల అవతలున్న తన కార్ఖానా కిటికీ. తాళం తనే వేశాడు, తాళంచెవి మొలతాడుకే ఉంది. లోపల బీడీ నిప్పంత ఎర్రటి వెలుగు. అంతా ఎప్పటిలాగే తలకిందులు. నేల పైన, రేకులు కింద, సాంచలన్నీ పైనుంచి వేలాడుతున్నాయి. అన్న సాంచ దగ్గర ఎవరో ఉన్నారు. చేతులతో తడుముతున్నారు... చక్రం ఉండే చోట.

చటుక్కున వెనక్కి జరిగాడు. గాలిలోంచి సన్నగా వినబడింది.

ఖటక్... ఖటక్... ఖటక్...

ఒక్క సాంచ నడుస్తోంది. కరెంటు లేదు. ఇవాళ శుక్రవారం.

మెట్ల మీద అడుగులు. వచ్చింది సత్తెమ్మ. ఆమె ఉండే ఒంటిగది ఖోలీ కార్ఖానా గోడకు ఆనుకునే ఉంటుంది. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"మరిదీ..." అంది గుసగుసగా. ముఖమంతా సంబరం. "సాంచ నడుస్తుంది, ఇన్నవా? ఆయన సాంచ చప్పుడు నాకెరుకే. చక్రం తెచ్చి బిగించినవా? ఇంట్ల సర్వపిండి ఉంటే నీకు తెచ్చిన."

చెప్పెయ్యాల్సింది అప్పుడే. ఆమె ముఖం చూస్తే నోరు రాలేదు.

"అవునే వదినే... బిగించిన."

ఖటక్ మనే చప్పుడు ఆ మాటతోనే ఆగిపోయింది. టెంఘర్‌లో ఏ చప్పుడూ లేదు. కాకి లేదు, కుక్కర్ లేదు.

"ఎన్నడు సూడలె నేను. ఒకసారి సూడనా?" అంటూ సత్తెమ్మ వంగింది. హనుమాండ్లు చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆమె కన్ను అద్దానికి ఆనింది.

"మీ అన్న..." అంది.

"ఏంది?"

"మీ అన్న ఉన్నడు మరిదీ. సాంచ కాడ. ఇటే సూస్తుండు." ఆమె నవ్వుతోంది. "ఎంత మంచిగ ఉన్నడు... నిటారుగ, నిలువుగ నిలవడ్డడు."

ఈ దుర్భిణిలో నీళ్ల ట్యాంకే తలకిందులుగా కనబడుతుంది. ఇందులో మనిషి నిలువుగా కనబడ్డాడంటే... ఆ ఆలోచనను హనుమాండ్లు చివరిదాకా పోనివ్వలేదు.

"తమ్మీ..."

చెవి దగ్గరే వినబడింది. పక్కనుంచి కాదు. నడినెత్తి మీదినుంచి. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

పానా తీసుకుని వదినె ముందే చక్రం ఇప్పాడు. దాని కడ్డీకి దసరా పూజనాడు ఆమె కట్టిన ఎర్రదారం అలాగే ఉంది. సత్తెమ్మ దారాన్ని చూసింది. మరిది ముఖం చూసింది. సర్వపిండి గిన్నె అక్కడే పెట్టి దిగిపోయింది. తిట్టి, దుమ్మెత్తిపోసినా బాగుండేదని హనుమాండ్లు ఏడ్చాడు.

తెల్లారి, కరెంటు ఇంకా రాకముందే, ఇద్దరూ కార్ఖానాకు పోయారు. తాళం వేసినట్టే ఉంది. అన్న సాంచ మీద మాత్రం ఒకేచోట పోగు మీద పోగు పడి, బొటనవేలంత లావు తాడులా గట్టిపడింది. చక్రం లేదు కదా, బట్ట ముందుకు జరగలేదు. జరగని బట్ట మీదే ఎవరో నేసుకుంటూ పోయారు.

సత్తెమ్మ కిటికీలో విస్తరి పెట్టింది. అన్నం, కూర, బీడీకట్ట. బయట తీగ మీద కాకులు వరుసగా కూర్చున్నాయి. హనుమాండ్లు సాంచ పక్కన గొంతుకూర్చుని చక్రం బిగించాడు. బిగిస్తూనే చెప్పాడు. "నేనే ఇప్పిన అన్నా. నలుగురు నవ్విండ్రని ఇప్పిన. వదినెకు అబద్ధం చెప్పిన. రాత్రి మళ్లా చెప్పిన. సిగ్గుతోని చస్తున్న. మాఫ్ చెయ్యి."

కాకులు కదల్లేదు. అవి విస్తరి వైపు చూడటం లేదు. కిటికీలోంచి లోపలికి, పైకి చూస్తున్నాయి.

"మరిదీ," అంది సత్తెమ్మ మెల్లగా. "పొద్దున నల్లా కాడ నర్సింగం పెద్దయ్య చెప్పిండు. నీ దుర్భిణిల అన్నీ తలకిందులు కనపడ్తయట గద?"

హనుమాండ్లు తల వంచుకునే ఉన్నాడు. ఆమె ముఖం చూసే ముఖం లేదు ఆయనకు.

"మరి మీ అన్న రాత్రి..."

ఆమె మాట సగంలో ఆగిపోయింది. ఆమె చూపు హనుమాండ్లు తల మీదుగా పైకి, రేకుల వైపు పోయిందని ఆయనకు తెలుస్తూనే ఉంది.

మెడ మీద చుక్క పడింది. వెచ్చగా. మిషన్ నూనె.

హనుమాండ్లు తల ఎత్తలేదు.