శోకప్రతి

ప్రతి నెలా అయిదో తేదీ ఉదయం ఋత్విక్ ఫోనుకి ఒక అంకె వచ్చేది. శిక్షల శాఖ పంపే ఆ సందేశంలో మూడే వరసలు ఉండేవి: ముద్దాయి పేరు, శిక్ష మొదలైన తేదీ, ఆ నెల సగటు శోకమానం. మూడేళ్ళుగా ఆ అంకె తొంభై ఒకటి దగ్గరే నిలబడి ఉంది.

2079 నాటికి విశాఖపట్నంలో స్టీరింగు పట్టుకునే మనుషులు చాలా తక్కువ. కార్లు తమంతట తామే నడిచేవి. చేత్తో నడపాలని ముచ్చటపడేవాళ్ళ ఊపిరిలో మద్యం లేదని చూసుకున్నాక గాని ఇంజను కదిలేది కాదు. హార్బరు నుంచి చేపలు మోసే పాత వ్యాన్లకు మాత్రం మినహాయింపు ఉండేది. జెట్టీ మీద, ఐసు నీళ్ళలో ఆటోపైలట్ పనిచేయదని యజమానుల సంఘం కోర్టుకెళ్ళి తెచ్చుకున్న మినహాయింపు అది. అలాంటి వ్యాను ఒకటి, ఒక ఆదివారం మధ్యాహ్నం, జాలరిపేట మలుపులో ఋత్విక్ భార్య మహతిని గుద్దింది. ఆమె సంచిలో అరకిలో వంజరం ముక్కలు, ఒక కొత్తిమీర కట్ట ఉన్నాయి. వ్యాను నడిపిన లోహిత్ రక్తంలో నూరు మిల్లీలీటర్లకు నూట నలభై మిల్లీగ్రాముల మద్యం ఉంది. చట్టం ఒప్పుకునేది ముప్ఫై.

లోహిత్ తరఫున వాదించిన తన్మయి చురుకైన లాయరు. పోలీసుల ఊపిరి యంత్రం మీదే మొదటి దెబ్బ కొట్టింది. "ఆ యంత్రం సరైనదని ముద్ర వేసింది కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు ఋత్విక్ గారు. చనిపోయినావిడ భర్త కూడా ఆయనే. దాని మాట ఎలా నమ్మమంటారు?" అంది. రక్తం మూడు గంటలు ఆలస్యంగా తీశారని, గుద్దినప్పుడు ఎంత ఉందో వెనక్కి లెక్క కట్టడం ఊహే అవుతుందని కూడా వాదించింది. జడ్జి రెండూ విని, రెండూ తోసిపుచ్చాడు. లైసెన్సు జన్మంతా రద్దు. ఆ పైన పదేళ్ళ జైలు, లేదా ఆరేళ్ళ శోకశిక్ష. రెండింటిలో ఏదో ముద్దాయి ఎంచుకోవచ్చు.

"శోకశిక్ష తీసుకో. ఇంట్లోనే ఉంటావు, పని చేసుకుంటావు. కాసిని కన్నీళ్ళు, అంతే కదా" అని తన్మయి లోహిత్ చెవిలో చెప్పింది. సరిగ్గా వాళ్ళ వెనక బెంచీలో కూర్చున్న ఋత్విక్‌కి అది వినబడింది.

శోకశిక్ష పనిచేసే తీరు చెప్పడానికి సులువే. పెద్దకర్మ అయిన మర్నాడు, పోయినవాళ్ళ తాలూకు దగ్గరి మనిషిని శిక్షా కేంద్రంలో కూర్చోబెట్టి శోకలేఖిని అనే తొడుగు తలకు పెడతారు. నాలుగు గంటలపాటు ఆ మనిషి పోయినవారి గురించి మాట్లాడాలి. మాట్లాడలేకపోతే ఊరికే తలుచుకున్నా చాలు. మెదడులో ఏ జ్ఞాపకం వెంట ఏ నొప్పి కదిలిందో యంత్రం న్యూరల్ ట్రేస్‌గా రాసుకుంటుంది. ఆ రాతకు నకలు శోకప్రతి. తీర్పు వచ్చి ముద్దాయి శోకశిక్ష ఎంచుకుంటే, దాన్ని చింతగింజంత ఇంప్లాంటులోకి ఎక్కించి ముద్దాయి చెవి వెనక అమరుస్తారు. ముద్దాయి తానెవరో మరచిపోడు. కానీ పోయిన మనిషి అయినవాళ్ళకు లాగే అతనికీ గుర్తొస్తుంది, అయినవాళ్ళకు లాగే లేకుండా పోతుంది. ఆ బాధ ఎంతో నూరుకి లెక్కగట్టే అంకె శోకమానం.

మొదటి ఏడాది ఆ అంకె చూసుకుని ఋత్విక్ తృప్తిపడ్డాడు. తొంభై ఒకటి. వాడూ తనలాగే ఏడుస్తున్నాడు. రెండో ఏడాది చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం తను టీవీలో ఏదో చూసి గట్టిగా నవ్వాడు. నవ్వి, ఆగిపోయాడు. ఆ మర్నాడే శిక్షా కేంద్రానికి వెళ్ళాడు.

అక్కడి న్యూరో ఇంజనీరు డాక్టర్ సుధీక్ష అతన్ని గుర్తుపట్టింది.

"నాది కూడా ఒకసారి కొలవండి" అన్నాడతను.

"ఎందుకండీ? మీకు శిక్షేం లేదుగా."

"ముప్ఫై ఏళ్ళు కొలతల శాఖలో పనిచేశానమ్మా. ఒకదాన్ని కొలిచి రెండోదాన్ని వదిలేస్తే నాకు తోచదు."

ఆమె నవ్వి తొడుగు పెట్టింది. కాసేపటికి తెర మీద యాభై మూడు కనబడింది. ఋత్విక్ అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మీ యంత్రం తప్పు చూపిస్తోంది."

"దానికి ముద్ర వేసింది మీ శాఖే సార్" అంది సుధీక్ష. తర్వాత అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "మీది తగ్గాల్సిందే. తగ్గకపోతేనే భయం. అతనిది తగ్గదు, ఎందుకంటే రోజూ తెల్లవారగానే ఇంప్లాంటు ఆ ప్రతిని మళ్ళీ మొదటిలా నింపుతుంది. అతనికి మీ ఆవిడ ప్రతి పొద్దూ పదమూడు రోజుల కిందటే పోయినట్టుంటుంది."

ఆమె చెప్పింది అతనికి అర్థమైంది. అయినా దారిపొడుగునా అతని తలలో తిరిగింది ఆ వివరం కాదు, రెండు అంకెలు. యాభై మూడు, తొంభై ఒకటి. అంకె చెప్పాక ఇంకో సాక్ష్యం అడగడం అతని వృత్తిలో లేదు. మహతి కోసం ఎక్కువ ఏడుస్తున్నది ఎవరు? లోహిత్. అయితే మహతి ఎవరిది?

ఆ ప్రశ్న అతనికే అసహ్యంగా తోచింది. కానీ పోలేదు. అయిదో తేదీ దగ్గరపడుతుంటే, పొరుగింట్లో ఎవరో తన భార్యతో మాట్లాడుతుంటే చెవి ఒగ్గి వినేవాడిలా ఫోను పట్టుకు కూర్చునేవాడు. అంకె ఒక్కసారైనా ఎనభైకి దిగుతుందేమోనని చూసేవాడు. దిగలేదు.

చట్టం ప్రకారం ఏడాదికోసారి ముద్దాయిని కలవవచ్చు. మూడో ఏడు ఋత్విక్ ఆ హక్కు వాడుకున్నాడు. లైసెన్సు పోయాక లోహిత్ హార్బరు దగ్గర ఐసు కొట్టే షెడ్డులో పనికి కుదిరాడు. నలభై దాటని మనిషి, జుట్టు సగం నెరిసింది. ఋత్విక్‌ని చూడగానే చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"రండి బాబూ, రండి. ఇలా కూకోండి. గౌరీ, బాబుకి టీ ఎట్టు. పంచదార ఒద్దు. బెల్లవెయ్యి."

తను టీలో బెల్లం వేసుకుంటాడని ఇతనికెలా తెలుసు? మహతికి తెలుసు. మహతిని తలుచుకున్నప్పుడు తనకు తెలుసు. అందువల్ల ఇతనికి తెలుసు. ఋత్విక్ ఒళ్ళు మండింది.

"ఎలా ఉన్నావు?" అన్నాడు పొడిగా.

"ఏటి సెప్పమంతారు బాబూ. చెప్పుల జత కనబడితే చాలు, అమ్మగారే గుర్తొస్తారు. కూకుని ఏసుకునీవోరు కాదు గదా ఆవిడ. ఒంటికాలు మీద నిలబడి, మీ బుజం మీద సెయ్యేసి తొడుక్కునీవోరు. తొడుక్కున్నాక కూడా ఆ సెయ్యి రవ్వంతసేపు తియ్యరు."

ఋత్విక్ చూపు తన చెప్పుల మీదికి దిగింది. అది నిజమే. ముప్ఫై ఏళ్ళపాటు ప్రతిరోజూ జరిగింది. ఆ తొడుగు కింద ఎప్పుడో ఒక క్షణం తలుచుకుని ఉంటాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా అతనికి గుర్తు రాలేదు. ఇప్పుడు ఎదుటి మనిషి ఆ చెయ్యి బరువు ఇంకా తన భుజం మీదే ఉన్నట్టు తల పక్కకి వాల్చి కూర్చున్నాడు.

టీ తెచ్చిన అతని భార్య గౌరి గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"సూసినారా బాబూ ఈయన వరస? మా పెళ్ళయి పన్నెండేళ్ళు. నా చెప్పులు ఏ రంగో అడగండి, సెప్పనేడు. ఇద్దరు పెళ్ళాల మొగుడయిపోనాడు. అందులో ఒకావిడ లేదు గాబట్టి తగువు కూడా ఆడనేను."

"ఊరుకోయే" అన్నాడు లోహిత్, ఋత్విక్ కళ్ళలోకి చూడలేక.

ఋత్విక్ టీ తాగకుండానే లేచాడు. ఆ సాయంత్రమే తన్మయికి ఫోను చేశాడు. శోకశిక్షను మధ్యలో ఆపాలంటే దగ్గరి మనిషి క్షమాపత్రం ఇవ్వాలి. ఇస్తే కోర్టు కాదనదు.

తన్మయి మర్నాడే కాగితాలతో వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది.

"సార్, ఆ రోజు మీ ముద్ర మీద నేను అన్న మాటలు…"

"అది మీ పని. ఎక్కడ సంతకం పెట్టాలి?"

"ఒకసారి ఆలోచించుకుంటారా?"

"మూడేళ్ళు ఆలోచించాను."

కోర్టులో జడ్జి కారణం అడిగాడు. "అతను మోసింది చాలు" అన్నాడు ఋత్విక్. ఆ మాటలో అబద్ధం లేదు. ఇంత పెద్ద మనసు తన సర్వీసులో చూడలేదని జడ్జి అన్నాడు, గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు. లోహిత్ ఒక్కడే బోనులో చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఒద్దు బాబూ. సంపింది నాను. ఆరేళ్ళూ మొయ్యనీండి. ఆవిడ్ని తీసీయకండి బాబూ."

శిక్ష పొడిగించమని అడిగే హక్కు ముద్దాయికి లేదని జడ్జి మెత్తగా చెప్పాడు. తన్మయి అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గౌరి వెనక బెంచీలోంచి ఋత్విక్‌కి దణ్ణం పెట్టింది. ఆ గదిలో అతన్ని గొప్పవాడని అనుకోనిది ఆమె ఒక్కతే. తనలాంటి ఇంకో మనిషిని గుర్తుపట్టినట్టు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

ఇంప్లాంటు తీసే రోజు ఋత్విక్ కూడా కేంద్రానికి వెళ్ళాడు. వెళ్ళనవసరం లేదు. తీసేశారని కళ్ళారా చూడాలనిపించింది. ప్రతిని చెరిపే ముందు సుధీక్ష అతని సంతకం తీసుకుంది.

"ఒక్కటి అడుగుతాను సార్. అతని అంకె చూశాకే కదా మీరు క్షమించింది?"

అతను సంతకం చేసిన కాగితం ఆమె వైపు జరిపాడు.

"ఈ శిక్ష వచ్చి పదకొండేళ్ళు. నాలుగు వందల పైచిలుకు కేసులు. ఒక్కటి కూడా చివరిదాకా నడవలేదు. రెండో ఏడో, మూడో ఏడో, అయినవాళ్ళే వచ్చి ఆపించేస్తారు. తల్లులు, తండ్రులు, అందరూ. రిపోర్టులో క్షమ అనే రాస్తాం. ఇంకో మాటకి కాలమ్ లేదు."

"చెరిపేశాక అతనికి ఏం మిగులుతుంది?"

"ఏడ్చినట్టు గుర్తుంటుంది. ఎవరి కోసమో కాగితం చూస్తే తెలుస్తుంది."

గంట తర్వాత లోహిత్ బయటికి వచ్చాడు. చెవి వెనక చిన్న పట్టీ. నడకలో బరువు లేదు, పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. ఋత్విక్‌ని చూసి ఆగి, వినయంగా నమస్కరించాడు.

"తప్పయిపోనాది బాబూ. తాగి బండి తోలకూడదు. మీ ఆవిడ…" అని జేబులోంచి విడుదల కాగితం తీసి వేలు పెట్టి చూసుకున్నాడు. "మహతి గారు. మహతి గారి ఇసయంలో పెద్ద తప్పు సేసీనాను."

ఋత్విక్ అతని ముఖం వెతికాడు. అందులో సిగ్గుంది, భయముంది. మహతి లేదు. ఎక్కడా లేదు. ఇవాళ పొద్దుటి దాకా ఆమెని ఈ లోకంలో ఇద్దరు తలుచుకునేవాళ్ళు.

"మా ఇంటికి రా, టీ తాగి వెళుదువు గాని" అన్నాడు ఋత్విక్. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆలస్యంగా తెలిసింది.

"మల్లెప్పుడన్నా బాబూ. ఇంట్లోది సూస్తంటాది. పెందలాడే ఎల్లాలి."

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. మహతి పోయినప్పటి నుంచి ఋత్విక్ ఆమె గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు మొదలుపెట్టాడు. ఆవిడ వంకాయలు ఏరేటప్పుడు కొట్టువాడితో పడే తగవు, పుస్తకాల అంచుల మీద పెన్సిలుతో రాసే గొణుగుళ్ళు, కోపమొస్తే తనని మీరు అని పిలవడం, ఒక వరసంటూ లేకుండా చెప్పుకుపోయాడు. లోహిత్ "అలాగా బాబూ" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "అలాగా" అన్నాడు. పెద్దాయన మాట తెంచడం ఇష్టంలేక రోడ్డు వైపు ఒక కన్నేసి వింటున్నాడు.

హార్బరు బస్సు వచ్చింది.

"ఉంతాను బాబూ" అని లోహిత్ ఎక్కేశాడు. తలుపులు మూసుకున్నాయి. ఋత్విక్ చెబుతున్న మాట ఇంకా పూర్తికాలేదు.