పిడి ఉన్న గాజుసీసా

మేపుల్ ఆకు బొమ్మ ఉన్న కాగితం టోపీ పెట్టుకుని కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక సూపర్‌మార్కెట్ మధ్యలో నిలబడాల్సి వస్తుందని చదువుకునే రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే, ఆదర్శ్ వాళ్లతో పోట్లాడేవాడు. కాకినాడ కుర్రాడు, ఎంబీఏ చేశాడు, సబ్హాన్‌లో గోడౌన్ ఉన్న ఫుడ్ కంపెనీలో సేల్స్ ఎగ్జిక్యూటివ్. పాన్‌కేక్ సిరప్ రుచి చూపించే అమ్మాయికి జ్వరం రావడంతో, మేనేజర్ ఆ టోపీ తెచ్చి ఇతగాడి నెత్తిన పెట్టాడు.

పాన్‌కేక్ అంటే మన తీపట్టుకి దగ్గర చుట్టమే. దాని మీద పోసుకునే పాకమే సిరప్. ఆదర్శ్ ముక్కలు కోసి, పుల్లలు గుచ్చి, పాకం పోసి వచ్చేపోయేవాళ్లకి అందిస్తున్నాడు. అంతలో ఫోన్‌లో తెలుగు మాట్లాడుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. తెలుగు వినపడగానే మనవాడికి ఊపు వచ్చేసింది.

“ఒక్క ముక్క తిని చూడండి మేడమ్. కెనడా చెట్ల నుంచి డైరెక్టుగా వచ్చిందండి.”

ఆమె తింది. సీసా వెనక్కి తిప్పి, చీమల్లాంటి అక్షరాలను శ్రద్ధగా చదివింది.

“ఏ చెట్టండీ?”

“మేపుల్ చెట్టండి.”

“ఇక్కడ మొక్కజొన్న పాకం, రంగు, వాసన అని రాసున్నది. మొక్కజొన్న చెట్టు ఎప్పటినుంచి అయింది?”

ఆదర్శ్ టోపీ సర్దుకున్నాడు. వెనకే రెండు సీసాలు ట్రాలీలో వేసుకున్న కువైటీ ఆవిడ విషయమేమిటని అడిగింది. ఈ అమ్మాయి గడగడా అరబీలో విడమరిచి చెప్పింది. ఆవిడ “ఖలాస్” అని సీసాలు రెండూ షెల్ఫులో పెట్టేసి వెళ్లిపోయింది.

“మీకు నచ్చకపోతే మానేయండి. నా బేరం ఎందుకండీ చెడగొడతారు?”

“నిజం చెప్పి అమ్మితే ఏ బేరమూ చెడదు,” అని ఆమె కూడా వెళ్లిపోయింది.

ఆదర్శ్‌కి ఒళ్లు మండిపోయింది. దెబ్బలాడుతున్నప్పుడు కూడా ఆ కళ్లు నవ్వుతున్నట్టే ఉన్నాయేమిటా అనిపించాక ఇంకా మండింది.

నిజానికి ఆదర్శ్ అసలు మేపుల్ సిరప్ ఎన్నడూ రుచి చూడలేదు. చెట్టుకి గాటు పెట్టి, కారిన నీళ్లని మరగబెట్టి పాకం తీస్తారని ఎక్కడో చదివాడు, అంతే. తన సరుకు మాత్రం కౌంటర్ దగ్గర ఉబుసుపోక నాకుతూనే ఉంటాడు. ఆ నాకుడు ఫలితం కొన్నాళ్లకు కింది దవడలో తేలింది.

సాల్మియాలో పళ్ల క్లినిక్‌కి వెళ్లి కుర్చీలో వెనక్కి వాలాడు. డాక్టరమ్మ మాస్కు వేసుకుని వంగి చూసింది. పైన కనిపిస్తున్నవి ఆ నవ్వే కళ్లే.

“ఓ, మొక్కజొన్న చెట్టు మీరేనా? నోరు పెద్దగ తెరవండి.”

తెరిచాడు. ఇక ఆ తర్వాత మాటలన్నీ డాక్టర్ సహస్రవే. ఇతని నోటి నిండా దూది, గొట్టాలు, అద్దం. పన్ను తొలుస్తూనే ఆమె అసలు మేపుల్ గురించి పాఠం చెప్పింది. మేనమామ టొరంటో నుంచి వస్తూ ఒక గాజుసీసా తెచ్చాడట. మెడ దగ్గర వేలు కూడా దూరనంత చిన్న పిడి ఉంటుందట. వారానికి ఒక్కసారి, సెలవు రోజున మాత్రమే తింటుందట. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టరట. పళ్ల డాక్టరై ఉండి తీపి తింటారా అని అడగాలని ఆదర్శ్ చాలా ప్రయత్నించాడు. “ఆఁ… ఆఁ…” తప్ప ఏమీ బయటికి రాలేదు. జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయి ఇంతసేపు మాట్లాడితే, ఎదురు చెప్పే వీల్లేకుండా పోయింది.

ఖైతాన్‌లో ఫ్లాట్‌కి చేరేసరికి సగం మూతి మొద్దుబారి ఉంది, మిగతా సగం నవ్వుతోంది. కంపెనీ వ్యాన్ డ్రైవరూ, రూమ్మేటూ అయిన సుభాన్ అతన్ని ఎగాదిగా చూశాడు.

“పంటికి మందేపిచ్చుకోని వచ్చినోడు ఎవుడన్నా నగుతాడా? నీకు యాడో తేడా కొట్టింది అబ్బోడా,” అన్నాడు రాయచోటి సుభాన్. తేడా ఎక్కడ కొట్టిందో ఆదర్శ్‌కి అప్పటికే తెలిసిపోయింది.

నవంబరులో వాన పడింది. కువైట్‌లో వాన అంటే ముందు అందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తారు, తర్వాత అవే ఫోన్లతో టాక్సీ దొరక్క తిట్టుకుంటారు. సహస్ర క్లినిక్ మెట్ల మీద నిలబడి ఆ రెండో పనిలో ఉండగా, ఒక వ్యాన్ నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. దాని ఒంటి మీద మనిషెత్తు మేపుల్ ఆకు. ఆదర్శ్ అటువైపు ఊరికే వచ్చానన్నాడు. గోడౌన్ నుంచి ఖైతాన్ ఫ్లాట్‌కి వెళ్లేవాడికి సాల్మియా ఊరికే తగలదు. సుభాన్‌ని బతిమాలి తాళాలు తీసుకుని మరీ వచ్చాడు.

“ఈ బండి ఎక్కితే నా పరువు పోతది.”

“ఎక్కకపోతే చెప్పులు పోతాయండి. నీళ్లు చూడండి.”

ఆమె నీళ్లను చూసింది, చెప్పులను చూసుకుంది, ఎక్కింది.

ఆమె ఇల్లున్న అహ్మది దాకా బండ్లన్నీ నత్తనడకే. అద్దం మీద వాన, లోపల ఇద్దరు, వెనక పెట్టెల్లో సీసాల గలగల. ఆమె దిగేలోపు ఒక్క నిజమైనా చెప్పాలనిపించి, అసలు మేపుల్ తానెప్పుడూ తినలేదని ఆదర్శ్ ఒప్పుకున్నాడు.

సహస్ర పూర్తిగా ఇటు తిరిగి కూర్చుంది. “తినకుండనే అంత ధీమాగ చెప్పిండ్రా? నాకు సిరప్‌తో పంచాయితీ లేదండి. మీద బొమ్మ ఒకటి, లోపల సరుకు ఇంకోటి. అట్లాంటి మనుషులను నేను నమ్మలేను.”

“మీ దగ్గర ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనండి.”

“నా దగ్గర ఒక్కదానికేనా?”

“కౌంటర్ దగ్గర కూడానండి,” అన్నాడు, కాస్త నీరసంగా.

మాట నిలబెట్టుకున్నాడు. తర్వాతి వారం నుంచి “ఇది మేపుల్ కాదండి, ఆ రుచి కలిపింది, పిల్లలకి నచ్చుతుంది” అని చెప్పి అమ్మాడు. జనం అలాగా అని కొనుక్కునే పోయారు. ఆ సంగతి చెప్పడానికి సహస్రకి ఫోన్ చేశాడు. ఆ తర్వాత చెప్పడానికి ఏ సంగతీ లేకపోయినా చేశాడు. ఆమె కూడా చేసింది. ఆమె ఫోన్ రాని రోజున అతనికి అన్నం సహించడం మానేసింది. ప్రేమ కాకపోతే ఇంకేమిటది?

ఒక శుక్రవారం సహస్ర భోజనానికి రమ్మంది. వానలో ఇంటికి చేర్చినందుకు అమ్మానాన్న థాంక్స్ చెప్పుకుంటారని పైకి అంది. “మీ సీసా ఒకటి పట్టుకరండి. రెండూ పక్కపక్కన పెట్టి మీకు అసలుది తినిపిస్త,” అని కూడా అంది. కాస్త ఆగి, “నాన్నకు మనుషులు ఒక్కసారికే నచ్చుతరు, లేకుంటె లేదు,” అని గొంతు తగ్గించి చెప్పింది. దాంతో ఆదర్శ్‌కి ఆ పిలుపులోని పూర్తి బరువు తెలిసింది.

అహ్మదిలో ఆయిల్ కంపెనీ క్వార్టర్. ముందు పచ్చిక, బోగన్‌విల్లియా. వాళ్ల నాన్న రవీంద్ర ఇంజనీరు, మనిషిని కూడా మీటరు రీడింగు చూసినట్టే చూస్తాడు. అమ్మ ఉమ మాత్రం, “దా బాబు, కూసో, గింత సన్నగున్నవేంది,” అని గుమ్మంలోనే సగం బెదురు తీర్చేసింది.

సహస్ర వేడివేడి పాన్‌కేకులు తెచ్చింది. ఒక సాసర్‌లో ఆదర్శ్ తెచ్చిన సిరప్ పోసింది. ఇంకో సాసర్‌లో, పిడి ఉన్న గాజుసీసాని రెండు చేతులతో ఎత్తి, ప్రసాదంలా పోసింది. ముందు తనే ముక్క ముంచుకుని తిని కళ్లు మూసుకుంది.

“చూడు నాన్నా, చెట్టు వాసన ఎట్ల తెలుస్తున్నదో.”

రవీంద్ర తిని తలూపాడు. “అవును, దీని కథనే వేరు.”

ఇక ఆదర్శ్ వంతు. గాజుసీసా పాకంలో ముక్క ముంచి నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకోగానే నమలడం ఆపేశాడు.

ఆ రుచి అతనికి తెలుసు. నిద్రలో లేపి నాలిక మీద వేసినా చెప్పగలడు. చివర్లో గొంతుకి తగిలే ఆ వెనిల్లా, పళ్లకి పట్టుకునే ఆ జిగురు. అది సాక్షాత్తూ తన కంపెనీ సిరప్పే. రెండో సాసర్ కూడా నాకి చూశాడు. సందేహం లేదు.

“ఎట్లుంది? తేడా తెలిసిందా?” సహస్ర ముఖం వెలిగిపోతోంది.

ఆదర్శ్ రెండు సాసర్లనీ మార్చి మార్చి చూశాడు. ఆహా ఓహో అంటే చాలు, అందరూ సంతోషిస్తారు. కానీ మీద బొమ్మ ఒకటి, లోపల సరుకు ఇంకోటి ఉన్న మనిషి తనే అవుతాడు. నిజం చెబితే అమ్మానాన్నల ముందు ఈ అమ్మాయి నవ్వులపాలు, తనకి గుమ్మం దారి. వాన రోజున ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఈ అమ్మాయిని పోగొట్టుకోవడమే రాసిపెట్టి ఉంటే, కనీసం అబద్ధం చెప్పి పోగొట్టుకోకూడదనుకున్నాడు.

“రెండూ ఒకటేనండి,” అన్నాడు. “ఆ గాజుసీసాలో ఉన్నది కూడా మా సరుకేనండి.”

సహస్ర నవ్వు ఆగిపోయింది. “ఏమంటున్నరు? అది మా మామ తెచ్చింది.”

“సీసా మీ మామయ్యగారిదేనండి. లోపలిది మా గోడౌన్‌ది. నాకు అసలుది తెలీదు గానీ, నాది నాకు తెలీకపోడం ఉండదండి.”

రవీంద్ర సాసర్ల వైపు, సహస్ర ఆదర్శ్ వైపు కోపంగా చూస్తున్నారు. ఉమ మాత్రం సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తోంది. అది తిరగడం లేదు.

“అమ్మా,” అంది సహస్ర నెమ్మదిగా.

ఉమ కొంగుతో ముఖం తుడుచుకుంది. “రెండు నెలల సంది ఊరి నుంచి బెల్లం రాలే. ఇక్కడి బెల్లం నాకు నచ్చది. పప్పుచారుల ఏమెయ్యాలె? ఎట్లయినా చెట్టు పాకమే గదా అని, మామ తెచ్చిందాన్ని చెంచా పట్టేటట్టు హార్లిక్స్ సీసల పోసుకున్న. గాజు సీస ఖాళీగుంటె నువ్వు ఇల్లు పీకుతవ్. ఆఫర్ల తెచ్చిన ఇసొంటి సిరప్ ఉండె, అండ్ల నింపిన.”

కందిపప్పు బోర్న్‌విటా డబ్బాలో, సూదీదారం బిస్కెట్ల డబ్బాలో ఉండే వంటింట్లో అది పెద్ద నేరమేమీ కాదు. కానీ లేబుల్ చదవనిదే నీళ్లు కూడా తాగని డాక్టరమ్మ, రెండు నెలలుగా సీసా అందం చూసి మొక్కజొన్న పాకానికి కళ్లు మూసుకుంటూ వచ్చింది. సహస్ర ముఖం ఎర్రబడింది. తర్వాత పెదవులు వణికాయి. ఏడుస్తుందేమోనని ఆదర్శ్ భయపడేలోగా పడీపడీ నవ్వింది, టేబుల్ మీద తల వాల్చి నవ్వింది.

“మరి అసలుది ఏది?” అన్నాడు రవీంద్ర.

“ఖతం. ఆఖరుది పొద్దున చారుల ఏసిన.”

అలా ఆదర్శ్ తన జీవితంలో మొదటిసారి అసలైన మేపుల్ సిరప్‌ని వేడన్నంలో, ములక్కాడ ముక్కలతో, ఇంగువ పోపుతో రుచి చూశాడు. చెట్టు వాసన కోసం వెతికాడు. ఇంగువే దొరికింది.

“ఎట్లుంది బాబు?” అని అడిగింది ఉమ.

ఆదర్శ్ గుటక మింగాడు. “తీపి కొంచెం ఎక్కువైందండి, ఆంటీ.”

రవీంద్ర కంచంలోంచి తలెత్తాడు. “రెండు నెలల సంది నేను చెప్పలేక చస్తున్న మాట అది,” అని మొదటిసారి నవ్వాడు.

సహస్ర ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. “ఇంకా ఏమన్న నిజాలు మిగిలినయా, అన్నీ ఇయ్యాలనే చెప్పేస్తరా?”

“ఒకటుందండి,” అన్నాడు ఆదర్శ్. ముద్ద చేతిలోనే ఉంది. పెద్దవాళ్లిద్దరూ ఎదురుగా ఉన్నారని తెలుసు. ఇప్పుడు ఆగితే మళ్లీ నోరు రాదని కూడా తెలుసు. “మీరంటే నాకు చాలా ఇష్టమండి. ఇందులో ఏమీ కలపలేదండి.”

సహస్ర నవ్వడం మానేసింది. తల దించుకుని, తన కంచంలోని ములక్కాడ ముక్క తీసి అతని కంచంలో వేసింది.

రవీంద్ర కూతుర్ని చూశాడు, కుర్రాణ్ని చూశాడు, తర్వాత భార్య వైపు తిరిగాడు.

“పిల్లగాడికి ఇంకింత చారు పొయ్యి, ఉమా. అలవాటు కావాలె గద.”