రూలుకి ఆమె పేరు

"పగులున్న చక్రానికి గ్రీన్ సిగ్నలా? రైల్వే ఆఫీసర్ల ముందు పరువు తీశారు."

ఉమాశంకర్ గొంతుకి గదిలో కీబోర్డులన్నీ ఆగిపోయాయి. ప్రేమ్ బజార్‌లో ఓ మెస్ పైన, మేడ మీద నడిచే చిన్న కంపెనీకి ఆయన యజమాని. వ్యాగన్‌ని పంపాలా, ఆపాలా అని కంప్యూటరే తేల్చేలా రూల్స్ రాయడం వాళ్ళ పని.

తప్పు తీర్పు ఇచ్చిన రూలు పేరు స్క్రీన్ మీద కనబడుతోంది: సుచరిత.

"లేబుల్ నీదే, సుచరితా. ఇంకేం చెప్తావ్?"

"ఆ రూలు నేను రాయలేదు సార్."

"మరెవరో చెప్పు. లేదా రేపట్నుంచి రాకు."

అక్కడ ఒక్కొక్కరిదీ వ్యాగన్‌లో ఒక్కో భాగం. ఎవరి రూలుకి వాళ్ళ పేరే లేబుల్. చక్రాలు సుచరితవి. పగులుంటే ఆపమనే ఆమె రూలుకి మిగతా పేర్లన్నీ లొంగాలి. ఇప్పుడు అదే పేరుతో రెండోది దూరింది: బ్రేకు బాగుంటే పంపెయ్యమని. పేరుతోపాటు దానికీ అదే అధికారం వచ్చింది. ఒకే పేరుతో రెండుంటే వెనక వచ్చినదానిదే మాట కాబట్టి అదే నెగ్గింది.

బ్రేకులు గిరిబాబువి.

వరండాలో జల్లు కొడుతోంది. ట్రాఫిక్ కాలనీ నించి వచ్చే ఆ కుర్రాడు, గిరిబాబు, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"మీ రూలుకి నా పేరెందుకు పెట్టారు?"

"ఏటి సెప్పమంటారండీ. పొద్దల్లా ఆ పేరే రాయాలనిపించీది. రాసీసినాను. ఎవులు సూస్తారులే అనుకున్నాను."

"రైల్వే మొత్తం చూసింది."

"ఇలాగవుద్దని నాకేటి తెలుసు."

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు గొంతులోనే చేదయింది. నిన్న చెప్పి ఉంటే ఈ మాట పండగ.

"లోపలికొచ్చి మీరే చెప్పండి."

"నన్ను తీసీత్తారండి. మా ఇంట్లో నాదొక్కడిదే జీతం. మీకైతే ఇంకో ఉజ్జోగం దొరుకుతాది."

సుచరిత అతని ముఖంలోకి చూసింది. అతను వాన వైపు తిరిగాడు.

లోపల్నించి ఉమాశంకర్ కేక వేశాడు. ఇద్దరూ వెళ్ళి బల్ల ముందు నిలబడ్డారు.

"ఎవరు?"

ఆమె ఆగింది. పక్కవాడు నోరు విప్పుతాడని, తల ఎత్తుతాడని, కనీసం తనవైపు చూస్తాడని. గిరిబాబు తన చెప్పులే చూసుకుంటున్నాడు.

ఇన్నాళ్ళూ హిజ్లీ రోడ్డు మీద సైకిలు తొక్కుతూ, తనకొక్కదానికే వినబడేలా అనుకుని మురిసిన పేరు. మొదటిసారి నలుగురిలో పైకి అంది.

"గిరిబాబు, సార్."