గుమ్మం బయట ఎస్సై

కొత్త ఎస్సైలకు బాపట్లలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఎవరింటికి వెళ్తే ఎలా మెలగాలో నేర్పుతారట. నేర్పే పూర్ణచంద్రరావు గారు ఒక్క ముస్లిం ఇంట్లోనూ అడుగు పెట్టినవారు కాదు గాని, ఆయన దగ్గర నలభై స్లైడ్లున్నాయి.

రెండో రోజు నాటకం. బ్యాచ్ మొత్తానికి ఒక్కడే ముస్లిం, రేపల్లె కుర్రాడు అఫ్జల్. అతన్ని ఇంటి యజమానిని చేశారు. భార్య వేషానికి తెనాలి నుంచి ఆస్మా అనే టీచర్ని పిలిపించారు. ఆమెను ఎక్కడ చూశాడో గుర్తొచ్చి అఫ్జల్‌కు చెమట పట్టింది.

ఎస్సై వేషగాడు లేని తలుపు తట్టాడు.

"రండి సార్, కూర్చోండి. టిఫిన్ చేశారా?" అన్నాడు అఫ్జల్.

"ఆగవయ్యా. ముస్లింలా మాట్లాడు. కాస్త ఉర్దూ తగిలించు," అన్నారు పూర్ణచంద్రరావు గారు.

"మా ఇంట్లో ఎవరికీ రాదు సార్."

"వస్తుందని స్లైడులో ఉంది. అమ్మా, మీరు కర్టెన్ వెనక్కి వెళ్ళండి."

"మా కర్టెన్ ఉతికి ఆరేశామండి," అంది ఆస్మా.

హాలంతా నవ్వింది. ముస్లింలుగా ఇద్దరికీ తక్కువ మార్కులేశారు సారు.

టీ దగ్గర అఫ్జల్ ఆమెను పలకరించాడు. "బాగా నవ్వించారండి."

"మీరు ఏడిపించారుగా. అమ్మ హజ్ పాస్‌పోర్టు ఎంక్వైరీకి మా ఇంటికొచ్చింది మీరే."

నిజమే. రెండు నెలల క్రితం, సైకిళ్ళు బాగుచేసే ఆమె నాన్న జాన్ సైదాను అతని ఇంట్లోనే నిలబెట్టి, తాను కుర్చీలో కూర్చున్నాడు. జాబితాలో లేని కాగితాలడిగాడు. పక్కింటి వేదవతిని పిలిచి, "వీళ్ళెలాంటి వాళ్ళు?" అని వీధి వినేలా అడిగాడు. ఆ రోజు గుమ్మంలోంచి చురచుర చూసిన ఆస్మా కళ్ళే అప్పట్నుంచీ అతని నిద్రకు కాపలా.

"అందరిళ్ళలోనూ ఇంతేనా?" అంది ఆస్మా.

"లేదండి. మీ ఇంట్లోనే. మనవాళ్ళని వదిలేశాడంటారేమోనని, పక్కన కానిస్టేబుల్ ఉంటే భయపడ్డాను."

ఆస్మా గ్లాసు పక్కన పెట్టింది. "అప్పట్నుంచీ మా నాన్న వీధిలో తల దించుకుని నడుస్తున్నాడు. ఈ ముక్క ఆయనకి చెప్పండి. స్లైడ్లు తేకండి."

ధైర్యం కూడదీసుకోవడానికి నెల పట్టింది. ఆ నెలంతా ఫోన్లో ఆమె చేత తిట్లు తిన్నాడు. నెలాఖరుకి తిట్లు లేని పూట అతనికే కాదు, ఆమెకూ వెలితిగా తోచింది.

ఆదివారం తెనాలిలో వాన. అఫ్జల్ చెప్పులు విడిచి గుమ్మం బయట నిలబడ్డాడు. చూరు నీళ్ళు సరిగ్గా అతని నెత్తిన పడుతున్నాయి. జాన్ సైదా కుర్చీలోంచి లేవలేదు.

"ఏం పని మీద?"

"ఆ రోజు తప్పు చేశానండి. భయంతో చేశాను. క్షమించమని వచ్చాను. క్షమిస్తే, ఆస్మా గారిని చేసుకుంటానని అడుగుదామని."

"ఆధార్ ఉందా?"

ఇచ్చాడు.

"ఇది జిరాక్సు. ఒరిజినల్?"

అదీ ఇచ్చాడు. రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, అన్నీ ప్లాస్టిక్ కవర్లోంచి తీశాడు.

"ఇవన్నీ అడుగుతానని నీకెవరు చెప్పారు?"

లోపల ఆస్మాకు అప్పటికప్పుడు వంటింట్లో పని గుర్తొచ్చింది. జాన్ సైదా అటు చూసి, మీసంలో నవ్వు దాచుకుని, గోడవతలికి కేకేశాడు. "వేదవతమ్మా, ఈ అబ్బాయెలాంటి వాడు?"

వీధి మొత్తం విన్నది. వేదవతి గోడ మీంచి తొంగి చూసింది. "నిలబడటం నేర్చుకున్నాడన్నయ్యా."

జాన్ సైదా లేచి, తల పైకెత్తి వీధి వైపు ఒకసారి చూశాడు. కుర్చీ అఫ్జల్ వైపు జరిపాడు. "లోపలికొచ్చి కూర్చో."

"మీరు కూర్చోండి మామయ్యా," అన్నాడు అఫ్జల్.

ఆ వరస ఎవరిచ్చారని జాన్ సైదా అడగలేదు. కూర్చున్నాడు.