వీపు మీద చెయ్యి

పొద్దున్నే సుధాకర్ రావు తన ఇంటి వరండాలో హమీద్ మోకాలికి పట్టీ చుడుతున్నాడు. ఆయన జగిత్యాల కబడ్డీ జట్టుకు కోచ్, హమీద్ కెప్టెన్. ఈ సీజన్‌లో మొదటి ఐదు ఆటలూ ఓడిన జట్టు, తర్వాత వరుసగా ఏడు గెలిచింది. సాయంత్రం సిరిసిల్లలో ఫైనల్.

పదింటికి కోరుట్లలో ఆయన కూతురు జ్యోత్స్న తన మగ్గం వర్క్ షాపు తెరవాలి. ఆటల కోసం ఆ ముహూర్తం ఇప్పటికే రెండుసార్లు మారింది.

పట్టీ చుట్టడం అయ్యాక, సుధాకర్ రావు హమీద్ వీపు మీద అరచెయ్యి ఆనించాడు. "ఊపిరి మెల్లగ వదులు... ఒకటి, రెండు..."

గుమ్మంలో నిలబడ్డ జ్యోత్స్న విసురుగా ముందుకొచ్చింది.

"బాపూ, పదింటికి అస్తవా, రావా?"

"తొమ్మిదింటికే పిల్లలతోని సిరిసిల్ల పోవాలె బిడ్డా. మీ అమ్మ అస్తది గద."

"హమీద్‌కు వంకాయ పడదని తెలుసు నీకు. నా షాపు పేరేందో చెప్పు!"

ఆయన మిగిలిన పట్టీని చుట్టసాగాడు.

"తెల్వది గదా! నేను గూడ కబడ్డీ ఆడితె మంచిగుండు. ఓడినా నా పక్కన కూసుందువు."

"ఏం మాటలే అవి!" వంటింట్లోంచి తల్లి నర్మద కసిరింది. సుధాకర్ రావు బ్యాగు కోసమన్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

హమీద్ తల దించుకునే అన్నాడు. "అక్కా, గీ లెక్కపెట్టుడు మాకు ఐదో ఆట ఓడినంక నేర్పిండు సారు. 'నా బిడ్డకు చిన్నప్పుడు ఆయాసం. వీపు మీద చెయ్యి పెట్టి లెక్కపెడితె దానికి భయం పోయేది. మీకూ పోతది' అన్నడు."

నొప్పినూనె వాసన వేసే ఆ అరచేతి వెచ్చదనం జ్యోత్స్న వీపుకు గుర్తుకొచ్చింది.

పదింటికి కోరుట్లలో షాపు ముందు జట్టు వ్యాను ఆగింది.

"సిరిసిల్లకు గిది తొవ్వ కాదు గదా?" అంది జ్యోత్స్న.

"సారు తొవ్వ తప్పిండక్కా," అన్నాడు హమీద్ కిటికీలోంచి.

సుధాకర్ రావు దిగి, కళ్లజోడు సవరించుకుని బోర్డు రెండుసార్లు చదివాడు. "వెన్నెల మగ్గం వర్క్స్. ఇగ అడుగు బిడ్డా, చెప్త."

జ్యోత్స్నకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాళంచెవి తాళంలో పెట్టి ఆగింది.

"లెక్కపెట్టు బాపూ."

ఆ చెయ్యి వీపు మీద ఆనింది. "ఒకటి..."

"రెండు!" వ్యానులోంచి జట్టంతా అరిచింది. మొదటిసారి ఆ గొంతులు ఆమెకు పరాయివి అనిపించలేదు.