స్కానర్ కంటపడని క్లాసు

“కొత్త లొకేషన్ యాప్ ట్రయల్‌కి తీసుకున్న ఏజెంట్‌ని నిన్న శత్రువులు కాల్చేశారు,” అన్నాడు చీఫ్. “ఈ సాయంత్రం అదే యాప్ మనవాళ్ళందరికీ వెళ్తోంది.”

“ఆపేయండి సార్.”

“కోడ్‌ని తనిఖీ చేసే స్కానర్ ఒక్క తప్పూ చూపలేదు. రుజువు లేకుండా ఆపమంటే మినిస్టర్ నన్ను ఆపేస్తాడు. యాప్ తయారయ్యే ఆఫీసుకి నువ్వెళ్ళు పిల్లీ. అక్కడ రిలీజ్ చూసేది నెమలి, తట్టుకోగలవా?”

పిల్లి, నెమలి డిపార్ట్‌మెంట్ పెట్టిన మారుపేర్లు. నెమలి పిల్లికి మాజీ భార్య. రైల్వే ప్లాట్‌ఫాం మీద “ఇప్పుడే వస్తా” అని వెళ్ళి, మరి రాలేదు.

అతికించిన గడ్డం, కెమెరా దాచిన పెన్ను, ఆడిటర్ కార్డు. పిల్లి లోపలికి వెళ్ళేసరికి నెమలి, యాప్‌ని కూర్చే బిల్డ్ ఇంజనీరు కాలర్ సర్దుతోంది. వీడే దొంగయితే ఎంత బాగుండును!

ఆమె అటు వెళ్ళగానే పిల్లి ఇంజనీరు పక్కన చేరి, అతని స్కాన్ లాగ్‌లో కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ కూచున్నాడు. అట్టడుగున ఒక లైను దొరికింది: విశ్లేషణకు కావలసిన క్లాసు కనపడలేదు.

“ఇదేంటయ్యా?”

“వార్నింగే సార్, ఎర్రర్ కాదు. బిల్డ్ పాసవుతోందిగా, అందరం వదిలేస్తాం.”

“ఆ క్లాసు, ఆ కోడ్ ముక్క, స్కానర్‌కి కనపడకపోతే, మన కోడ్ దానికి ఏం అందిస్తోందో ఎలా తెలుస్తుంది?”

ఇంజనీరు ఆ లైను మళ్ళీ చదువుకున్నాడు.

“ఆ క్లాసుని మూటకట్టిన జార్ ఫైలేది?”

“యాప్‌ని తయారుచేసే కంపైలర్‌కి ఇచ్చాం. స్కానర్ వెతికే ఫైళ్ళ జాబితా, అదే క్లాస్‌పాత్, అందులోంచి మాత్రం తీసేశాం. స్కాన్ స్లో అవుతోందని మేడమ్ తీయమంది.” చెవులు ఎర్రబడ్డాయి. “ఆవిడ అడిగితే కాదనలేను సార్.”

పిల్లికి ఒళ్ళు మండింది. తనూ ఏనాడూ కాదనలేదు.

“జార్ పాత్ కలిపి మళ్ళీ స్కాన్ కొట్టు.”

స్క్రీన్ ఎర్రబడింది. అందరూ మామూలుగా రికార్డులు రాసే లాగింగ్ క్లాసనుకున్నది, ఏజెంట్ల లొకేషన్‌ని బయటి అడ్రసుకి పంపే క్లాసు!

గది చివర నెమలి వేలు రిలీజ్ బటన్ మీదికి వాలుతోంది. పిల్లి ఒక్క ఉదుటున దూకి ఆమె కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పీకేశాడు. బటన్ టక్కుమంది. ఏమీ వెళ్ళలేదు.

నెమలి అతన్ని తేరిపార చూసింది. “గడ్డం మీకు నప్పలేదండీ.”

గార్డులు వచ్చారు. వాళ్ళ వెనకే వచ్చిన చీఫ్ పిల్లి భుజం తట్టాడు. “లాగ్ అడుగుదాకా ఎవడూ చదవడు. నీకెలా తట్టిందోయ్?”

“డ్యూటీ సార్.”

బేడీలతో గుమ్మం దాటుతూ నెమలి వెనక్కి తిరిగింది.

“ఇప్పుడే వస్తా,” అంది, ఇంజనీరుతో.