గోనె మలుపులో ఎడమ చక్రం

"నల్లబండి వస్తున్నాదే, కళ్ళు మూయవే చిన్నారీ...
గుర్రం కాళ్ళకు గోనెలు గట్టి, మెల్లగ మెల్లగ వస్తున్నాదే..."

తర్వాతి చరణం గుర్తు లేదు. అందులో చందమామ మాటేదో వస్తుంది. చివర్లో మాత్రం మా అమ్మ "దబ్... దబ్... దబ్..." అంటూ నా వీపు మీద అరచేత్తో తట్టేది. అంత భయం పాటకి నిద్ర ఎలా వచ్చేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. కానీ వచ్చేది.

ఆ నల్లబండి కాసుకుని ఉండే చోటు మా దారిలోనే ఉంది. పర్త్‌షైర్ కొండల నడుమ, సరస్సు ఒడ్డున రోడ్డు వంకర తిరిగే చోటు. మ్యాపుల్లో దానికి పేరు లేదు. ఊరూరా తిరిగి బతికే మావాళ్ళందరికీ మాత్రం అది గోనె మలుపు.

వెనకటికి డాక్టర్లకి శవాలమ్ముకునే దుర్మార్గులు ఉండేవారట. గుడారాల్లో బతికే మాలాంటి వాళ్ళు మాయమైతే అడిగే నాథుడెవరు? అందుకని గుర్రాల కాళ్ళకి గోనె చుట్టి, చప్పుడు లేకుండా వచ్చి, ఆ మలుపులో పొంచి ఉండేవారట. ఇప్పటికీ మావాళ్ళు అక్కడ బండి ఆపరు. పొయ్యి వెలిగించరు. పిల్లలు పాస్ వస్తోందన్నా సరే — బిగబట్టుకోమంటారు.

అక్కడే మా చెల్లెలు ఎఫీకి జరిగింది ఇది.

ఆ యేడు బంగాళదుంపలు తవ్వే రోజుల్లో ఎఫీ మొగుడు ఆర్చీ పోయాడు. చేనుగట్టు మీద కూర్చుని టీ తాగుతూ తాగుతూ పోయాడు. కప్పు ఇంకా చేతిలోనే ఉంది పాపం.

మాలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే అతను బతికిన బండిని, అతని సామాన్లని తగలబెట్టేస్తాం. లేకపోతే పోయినవాడు పోడంటారు... అక్కడక్కడే తిరుగుతాడంటారు. చెక్కబండ్ల రోజుల్లో మొదలైన పద్ధతి అది. ఎఫీకున్నదేమో పాత క్యాంపర్ వ్యాను. ఇల్లూ అదే, వంటిల్లూ అదే, పడకా అదే. దాన్ని కాల్చేస్తే మంచులో ఆమె ఎక్కడ పడుకోవాలి?

"బావగారూ, నన్ను కూడా లోపల కూర్చోబెట్టి అంటించండి" అంది ఎఫీ, ఆర్చీ అన్న లాక్లన్‌తో.

లాక్లన్ మొండివాడే కానీ మంచివాడు. పెద్దవాళ్ళందరూ కూర్చుని ఒక దారి ఆలోచించారు. వ్యానులో కుడిపక్క మొత్తం ఆర్చీది. డ్రైవరు సీటు వెనకనుంచి చివరిదాకా ఓకు చెక్క మంచం, దాని కింద పెట్టెల నిండా తగరం పని సుత్తులు, కత్తెరలు, దాగలి. ఎడమపక్క ఎఫీది. ఇనప పొయ్యి, నీళ్ళ డబ్బా, పింగాణీ సామాను. ఆర్చీ పక్కనున్నదంతా పీకి మంటలో వేశారు. కాలని ఇనుముని నదిలో పారేశారు. బండిని వదిలేశారు.

"ఒకటే మాట" అన్నాడు లాక్లన్. "వాడు పోలేదని ఏ చిన్న గుర్తు కనబడ్డా... మిగిలిన సగం కూడా మంటలోకే."

ఎఫీ తల ఊపింది.

డిసెంబరు వచ్చింది. ఆ నెలలో మాకు మధ్యాహ్నం టీ కప్పులు కడిగేసరికే చీకటి పడిపోతుంది. అలాంటి ఒక సాయంత్రం ఎఫీ ఊళ్ళో బుట్టలమ్ముకుని ఒక్కతే వ్యాను తోలుకొస్తోంది. గరుకు కంకర రోడ్డు... చక్రాల కింద గరగర. మలుపు దగ్గర మాత్రం కొత్తగా తారు పోశారు. వ్యాను ఆ నున్నటి తారు మీదికి ఎక్కింది. గరగర ఆగిపోయింది.

అప్పుడు వినబడింది.

దబ్... దబ్... దబ్...

మెత్తగా. దగ్గరగా. గోనె కట్టిన గిట్టల చప్పుడు.

ఎఫీ అద్దంలో చూసింది. వెనక చీకటి తప్ప ఏమీ లేదు. వేగం పెంచింది — అదీ పెంచింది. తగ్గించింది — అదీ తగ్గించింది. మావాళ్ళెవరూ చెయ్యని పని చేసింది. మలుపులో బండి ఆపేసింది.

చప్పుడూ ఆగిపోయింది.

నీళ్ళు ఒడ్డుకి కొట్టుకుంటున్నాయి... అంతే.

"ఆర్చీ" అంది ఎఫీ గుసగుసగా. "నువ్వేనా?"

గేరు వేసింది. బండి కదిలింది — కదలగానే స్టీరింగు ఆమె చేతుల్లోంచి ఎవరో గుంజినట్టు ఎడమకి తిరిగింది. ఎడమపక్క సరస్సు! రెండు చేతులా పట్టుకుని, ఏడుస్తూ, లాక్కుంటూ, ఎలాగో బయటపడింది.

నేను వెళ్ళేసరికి మా గుడారాల దగ్గర వ్యాను ఆగి ఉంది. ఎఫీ ఇంకా స్టీరింగు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటిగా నేనే ఊడదీశాను. లోపల కూర్చోబెట్టి టీ పోసిచ్చాను. కప్పులో టీ కూడా పొయ్యి వైపుకే ఒరిగి నిలబడింది. నేల వాలుగా ఉందేమో అనుకున్నాను.

"అక్కా, ఎవరికీ చెప్పకు" అంది.

చెప్పాల్సిన పని లేకపోయింది. మర్నాడు ఎఫీ వెనకే తన బండిలో వచ్చిన లాక్లన్ కళ్ళారా చూశాడు — మలుపులో ఆ వ్యాను నీళ్ళ వైపు ఒరగడం. ఆ రాత్రే కిరసనాయిలు డబ్బాతో వచ్చి నిలబడ్డాడు.

ఎఫీ పింగాణీ కప్పులు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. అది చూడలేక నేనే కలగజేసుకున్నాను.

"ఒక్కరోజు ఆగు లాక్లన్. ఊళ్ళో గిల్‌క్రిస్ట్ షెడ్డుకి తీసుకెళ్ళి చూపిద్దాం."

"దెయ్యాన్ని మెకానిక్‌కి చూపిస్తావా వదినా?"

"నీకు పన్ను నొప్పొస్తే దెయ్యమన్నావా? పళ్ళ డాక్టరు దగ్గరికే పోయావుగా."

"వాడు మంచి పన్ను పీకేశాడు!"

"అందుకే ఈమధ్య కాస్త మెత్తగా మాట్లాడుతున్నావు."

లాక్లన్‌కి నవ్వు రాలేదు. కిందికి వంగి ఎడమ ముందు చక్రాన్ని కాలితో తన్నాడు. "చూడు, గీతలు ఎంత లోతుగా ఉన్నాయో. టైరుకేం రోగం లేదు. సరే... వెళ్దాం. డబ్బా మాత్రం నాతోనే ఉంటుంది. వాడు వచ్చాడా, అక్కడికక్కడే అంటిస్తాను."

పొద్దున్నే బయల్దేరాం. చలికాలంలో మాకు పొద్దున కూడా రాత్రే. ఎఫీ తోలుతోంది. పక్క సీట్లో లాక్లన్, ఒళ్ళో డబ్బా. నేను వెనక పొయ్యి పక్కన ముడుచుకుని కూర్చున్నాను. నాకెదురుగా ఆర్చీ పక్క... బోడిగా, చీకటిగా.

గరగర... గరగర... మలుపు వచ్చింది. గరగర ఆగింది.

దబ్... దబ్... దబ్...

మా అమ్మ అరచెయ్యే. సరిగ్గా నా వీపు కిందే, చెక్కలోంచి. కళ్ళు మూసుకుంటే పసిపిల్లనైపోయాను. లాక్లన్ ఏదో ప్రార్థన గొణుగుతున్నాడు. డబ్బా మూత తిప్పిన చప్పుడు... కిరసనాయిలు వాసన...

"లాగుతున్నాడక్కా!" అంది ఎఫీ, పంటి బిగువున. "మళ్ళీ లాగుతున్నాడు!"

"ఎటు?" అన్నాను.

"ఎడమకి!"

కళ్ళు తెరిచాను. ఊళ్ళోకి పోతున్నాం కదా, సరస్సు ఇప్పుడు కుడిపక్క ఉంది. ఎడమపక్క ఉన్నది కొండ. నీళ్ళలోకి లాక్కుపోవాలనుకునేవాడు కొండకేసి ఎందుకు లాగుతాడు?

"లాక్లన్" అన్నాను, "మూత పెట్టు. నీ తమ్ముడికి కుడి ఎడమలు తెలుసు."

గిల్‌క్రిస్ట్ ముసలాడు. నోట్లో ఎప్పుడూ ఏదో నములుతూనే మాట్లాడతాడు. మేం చెప్పిందంతా విని, "గుర్రాలా? మేత నాకు పెట్టమనకండి" అన్నాడు. వ్యానుని ఎత్తి, ఎడమ ముందు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. తర్వాత టైరు వెనక్కి, బయటికి కనబడని లోపలి అంచు మీదికి, చెయ్యి పోనిచ్చాడు. నమలడం ఆపేశాడు.

"నువ్విలా రా తల్లీ. చెయ్యి పెట్టి చూడు."

ఎఫీ చెయ్యి పెట్టింది. నేనూ పెట్టాను. బయటి నుంచి కొత్తగా కనబడే టైరు లోపలి అంచున బోడిగుండు. దాని మీద గుంటా మిట్టా, గుంటా మిట్టా. ఒకవైపు నిమిరితే పిల్లి వీపు. రెండోవైపు నిమిరితే రంపం.

"ఇవిగో మీ గిట్టలు" అన్నాడు. "చక్రం తిరిగినప్పుడల్లా ఈ మిట్టలు రోడ్డుని కొడతాయి. కంకర మీద ఆ గోలలో వినబడదు. నున్నటి తారు మీద వినబడుతుంది. ఊళ్ళో కూడా తారేగా?"

"ఊళ్ళో మనుషుల గోల" అంది ఎఫీ నెమ్మదిగా.

వెనక చక్రంనుంచి ముందు చక్రందాకా దారం లాగి కట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తిన్నగా ఉండాల్సిన చక్రం వంకరగా ఉంది. వ్యానుని కిందికి దించి చుట్టూ తిరిగాడు. నేలకీ బండి అంచుకీ మధ్య జాన పెట్టి కొలిచాడు — కుడిపక్క, తర్వాత ఎడమపక్క. ఎడమపక్క వేళ్ళు ఇరుక్కున్నాయి.

"బండి ఒరిగిపోయింది. ఒక పక్కే మోస్తోంది. అందుకే చక్రం పక్కకి తిరిగింది, టైరు అరిగింది, స్టీరింగు లాగుతోంది. పాత స్ప్రింగులు, వాటికి తట్టుకునే ఓపిక లేదు." వెనక తలుపు తీసి లోపలికి చూశాడు. ఎడమపక్క ఇనప పొయ్యి. కుడిపక్క బోడి చెక్కలు. "ఈ పక్క ఏదో బాగా బరువైనది ఉండాలే. ఏముండేదమ్మా ఇక్కడ?"

ఎఫీ ఆ బోడి చెక్కల మీద చెయ్యి వేసింది.

"మా ఆయన" అంది.

గిల్‌క్రిస్ట్ టోపీ తీశాడు. లాక్లన్ మొహం అటు తిప్పుకున్నాడు. ఆ పక్కనంతా పీకి మంటలో వేసింది మేమే కదా.

సాయంత్రందాకా పని చేశాడు గిల్‌క్రిస్ట్. ముందు టైర్లు మార్చాడు. ఆర్చీ మంచం ఉన్న చోట ఇసుక నింపిన గోనె మూటలు పేర్పించాడు, రెండు పక్కలా జాన సమానంగా వచ్చేదాకా. ఆ బరువుతోనే మళ్ళీ దారం కట్టి చక్రాలు సరిచేశాడు. "ఈ మూటలు తియ్యొద్దు" అన్నాడు. "తీస్తే మళ్ళీ ఒరుగుతుంది, మళ్ళీ గుర్రాలొస్తాయి."

తిరిగి వచ్చేసరికి చీకటి. మలుపు దగ్గరపడింది. ఇప్పుడు ఎడమపక్కే సరస్సు. లాక్లన్ డబ్బాని రెండు చేతులా పట్టుకున్నాడు. గరగర... గరగర... ఆగింది.

చెవులు రిక్కించాం.

ఏమీ లేదు.

ఎఫీ స్టీరింగు మీద పట్టు కాస్త వదులు చేసింది. బండి తన దారిన తాను, మలుపు వెంట బుద్ధిగా పోయింది.

"పోయాడన్నమాట" అన్నాడు లాక్లన్. ఆ రాత్రి డబ్బాలో కిరసనాయిలు మా లాంతర్లలోకే పోసుకున్నాం.

నాకు మాత్రం ఒకటి కనబడింది. మలుపు దాటాక ఎఫీ బండి నెమ్మది చేసి, తల కొంచెం వెనక్కి తిప్పి వింది. ఏమీ వినబడనందుకు సంతోషించిన మొహంలా లేదది.

నేను మళ్ళీ ఎఫీని చూసింది బ్లెయిర్‌గౌరీ తోటల్లో, రాస్ప్‌బెర్రీలు కోసే రోజుల్లో. చలికాలమంతా, వసంతమంతా ఆ వ్యానులో ఉత్తరాన తిరిగొచ్చింది. ఒళ్ళు కాస్త వచ్చింది. బుగ్గలకి రంగొచ్చింది.

అలవాటైపోయింది కదా, వంగి ఎడమ టైరు వెనక చెయ్యి పెట్టి నిమిరాను. ఇటు నిమిరినా పిల్లి వీపే, అటు నిమిరినా పిల్లి వీపే. జాన పెట్టి చూశాను. రెండు పక్కలా సమానం. "గిల్‌క్రిస్ట్ చేతి పని గట్టిదేనే" అనుకుంటూ లోపలికెక్కాను.

ఎఫీ టీ పోసిచ్చింది. కప్పులో టీ ఎటూ ఒరగలేదు, అద్దంలా నిలబడింది.

కప్పు పెదవులదాకా వెళ్ళి ఆగిపోయింది. ఎదురుగా ఆర్చీ పక్క... తుడిచిన చెక్కలు, నున్నగా, శుభ్రంగా. ఇంకేమీ లేదు.

"ఎఫీ... ఇసుక మూటలేవే?"

ఎఫీ తలుపులోంచి బయటికి చూసింది. దూరంగా లాక్లన్ పిల్లలతో బెర్రీల బుట్టలు తూయిస్తున్నాడు. తలుపు మెల్లగా మూసింది. నా చెవి దగ్గరికి వంగింది. ఆమె నవ్వుతోంది.

"ఆ వారమే దింపేశానక్కా" అంది గుసగుసగా. "పడుకోడానికి చోటు చాలడం లేదన్నాడు."